స్టెప్పర్ మోటార్ కొనే ముందు ఆ స్క్రూ సంగతి తేల్చండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. బండి 2007 ఆల్టో, 800 సీసీ ఎంపీఎఫ్ఐ, అంటే కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కితే ఇంజన్ ఆగిపోయేది. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే త్రాటిల్ బాడీని మెకానిక్ విప్పి కడిగాడు. పనిలో పనిగా "స్లో పెంచుతా" (స్లో లేదా ఐడిల్ అంటే ఎక్సలేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) అని అక్కడున్న స్క్రూ ఒకటి తిప్పాడు. ఇప్పుడు ఏసీ లేకుండా న్యూట్రల్‌లో నిలబెడితే ఇంజన్ శబ్దం పైకీ కిందకీ ఊగుతోంది, ఏసీ వేస్తే ఇంకా ఆగుతూనే ఉంది. స్టెప్పర్ మోటార్ పోయింది, మార్చాలి అంటున్నాడు. మార్చాలా వద్దా అని మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దండి. మోటార్ పోయి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ స్క్రూ ఫ్యాక్టరీ స్థానంలో లేనంతవరకు పాత మోటార్ మంచిదో చెడ్డదో తేలదు, కొత్తది వేసినా కుదిరిందో లేదో తెలియదు. ఆటో ఎలక్ట్రికల్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నా దగ్గరికి "స్టెప్పర్ మోటార్ కంప్లైంట్" అని వచ్చే బండ్లలో ఎక్కువ శాతం ముందే ఎవరో ఒకరు ఆ స్క్రూ మీద చెయ్యి పెట్టినవే.

అది ఎందుకు ముట్టుకోకూడదో తెలియాలంటే ఈ మోటార్ చేసే పని తెలియాలి. మీరు ఎక్సలేటర్ వదిలేయగానే త్రాటిల్ బాడీలో గాలికి అడ్డుగా తిరిగే రేకు, అంటే బటర్‌ఫ్లై, దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. అయినా ఇంజన్ తిరగాలంటే గాలి కావాలి. అందుకు బటర్‌ఫ్లైని తప్పించుకుని వెళ్లే సన్నని దారి ఒకటి త్రాటిల్ బాడీలోనే ఉంటుంది. తలుపు వేసేసి కిటికీ రెక్క అవసరమైనంత తీసినట్టు, ఆ దారిని తెరిచీ మూసీ చేసేదే ఐఏసీ (ఐడిల్ ఎయిర్ కంట్రోల్) మోటార్. మీ బండిలో అది నాలుగు పిన్నుల స్టెప్పర్. లోపల రెండు కాయిల్స్, ఒక మరల కడ్డీ, దాని చివర శంకువు ఆకారంలో ఒక మొన ఉంటాయి. ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, ఒక్కో పల్స్ ఇచ్చినకొద్దీ మొన ఒక్కో అడుగు ముందుకో వెనక్కో జరుగుతుంది. ఇంజన్ చల్లగా ఉంటే దారి ఎక్కువ తెరుస్తుంది, వేడెక్కాక తగ్గిస్తుంది. ఏసీ స్విచ్ నొక్కితే కంప్రెసర్ క్లచ్ పట్టుకునే ముందే కాస్త తెరిచి ఉంచుతుంది.

ఇందులో అసలు కీలకం ఏమిటంటే, మొన నిజంగా ఎక్కడుందో ఈసీయూకి చెప్పే సెన్సార్ ఏదీ లేదు. తాను ఇన్ని అడుగులు వెయ్యమన్నాను కాబట్టి అక్కడ ఉండాలి అని లెక్క పెట్టుకుంటుందంతే. మసి వల్ల మొన ఇరుక్కుని నాలుగు అడుగులు తప్పితే, లేదా బ్యాటరీ డల్ అయి పల్స్‌లో బలం లేకపోతే, లెక్క ఒకచోట, మొన ఇంకొకచోట ఉంటాయి. అందుకే చాలా బండ్లలో కీ ఆఫ్ చేసిన వెంటనే ఈసీయూ మొనను చివరిదాకా నెట్టి, అక్కడి నుంచి లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. ఇంజన్ ఆపాక బానెట్ కింద నుంచి రెండు మూడు సెకన్లు చిన్నగా గిరగిరమని వినిపించేది అదే.

ఇక స్క్రూ. అది బటర్‌ఫ్లై లీవర్ ఆనుకునే స్టాపర్ మాత్రమే, స్లో పెట్టుకోవడానికి ఇచ్చింది కాదు. బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకుని గోడకి ఇరుక్కోకుండా ఫ్యాక్టరీలో పెట్టి, మీద పెయింట్ చుక్క వేసి వదిలేస్తారు. కార్బ్యురేటర్ బండ్ల మీద చెయ్యి తిరిగినవాళ్లకి స్క్రూ కనిపిస్తే తిప్పాలనిపిస్తుంది. అప్పట్లో అది సరైన పనే, ఎంపీఎఫ్ఐ బండిలో మాత్రం రెండు రకాలుగా తిప్పలు పెడుతుంది.

ఒకటి. బటర్‌ఫ్లై మూసుకోవాల్సినంత మూసుకోదు, గాలి అదనంగా వస్తుంది. స్పీడు తగ్గించాలని ఈసీయూ మొనను మూస్తూ పోతుంది. పూర్తిగా మూసినా స్పీడు తగ్గదు. త్రాటిల్ మూసి ఉండగా ఆర్పీఎం (ఇంజన్ తిరిగే వేగం) ఒక హద్దు దాటితే, బండి దిగుడులో జారుతోందనుకుని ఈసీయూ పెట్రోల్ ఆపేస్తుంది. ఆర్పీఎం పడుతుంది. పడగానే మళ్లీ పెట్రోల్ ఇస్తుంది, మళ్లీ పెరుగుతుంది. మీరు వింటున్న ఊగుడు చాలావరకు ఇదే అయ్యుంటుంది.

రెండోది. ఆ బటర్‌ఫ్లై షాఫ్ట్ అవతలి కొసనే త్రాటిల్ పొజిషన్ సెన్సార్ ఉంటుంది. స్క్రూ తిప్పితే దాని వోల్టేజీ కూడా పెరుగుతుంది. ఒక స్థాయి దాటితే డ్రైవర్ కాలు ఎక్సలేటర్ మీదే ఉందని ఈసీయూ అనుకుని ఐడిల్ చూసుకోవడమే మానేస్తుంది. అప్పుడు ఏసీ వేసినా స్పీడు పెంచదు, కంప్రెసర్ పట్టుకోగానే ఇంజన్ కూలబడుతుంది. సరిగ్గా ఆ స్థాయి అంచున ఉంటే ఇంజన్ వణుకుకే ఒకసారి "మూసుంది" అనీ ఇంకోసారి "తెరిచుంది" అనీ అనుకుంటుంది. కొన్ని ఈసీయూలు మూసిన స్థానాన్ని కొంతవరకు మళ్లీ నేర్చుకుంటాయి, కానీ దాన్ని నమ్ముకుని స్క్రూ తిప్పలేం కదా. మొత్తానికి మీరు చెప్పిన రెండు లక్షణాలూ మోటార్ బాగానే ఉన్నా రాగలవు.

కాబట్టి మొదటి పని ఆ స్క్రూని తిరిగి పెట్టించడం. పెయింట్ గీత కలిసే చోటు కనిపిస్తే అక్కడికి తెండి. గీత చెరిగిపోతే, ఇంజన్ ఆపి, స్క్రూని లీవర్‌కి తగలనంతగా వెనక్కి తిప్పాలి. తర్వాత మెల్లగా లోపలికి తిప్పుతూ లీవర్‌ని తాకిన చోటు నుంచి పావు చుట్టు కన్నా తక్కువే ఇవ్వాలి. బటర్‌ఫ్లైని చేత్తో తెరిచి వదిలితే గోడకి ఇరుక్కోకుండా మూసుకోవాలి. ఆ పైన కీ ఆన్ చేసి త్రాటిల్ పొజిషన్ సెన్సార్ సిగ్నల్ వైర్ మీద మల్టీమీటర్ పెడితే, 5 వోల్టుల సెన్సార్‌కి మూసినప్పుడు అర వోల్టుకి అటూ ఇటూగా రావడం మామూలు. మెల్లగా తెరుస్తుంటే ఎక్కడా ఎగరకుండా, పడిపోకుండా పెరగాలి. ఎక్సలేటర్ కేబుల్ మరీ బిగుతుగా ఉందేమో కూడా చూడండి. కేబుల్‌కి కొంచెం వదులు లేకపోతే స్క్రూ ఎంత సరిగ్గా పెట్టినా బటర్‌ఫ్లై మూసుకోదు.

త్రాటిల్ బాడీ విప్పి బిగించారు కాబట్టి తర్వాత అనుమానం గాలి లీకు మీదే. కింద గాస్కెట్ పాతదే వేశారా, ఏదైనా సన్న వాక్యూమ్ గొట్టం తగిలించడం మర్చిపోయారా? ఈ తరం బండ్లలో గాలిని లెక్కకట్టేది ఎక్కువగా మ్యాప్ సెన్సార్, అంటే మానిఫోల్డ్ లోపలి పీడనాన్ని కొలిచేది. లీకు నుంచి దూరిన గాలి కూడా దాని లెక్కలోకి వచ్చేస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ ఇచ్చేస్తుంది. అందుకే మ్యాప్ బండ్లలో లీకు ఉంటే ఐడిల్ పెరుగుతుంది. గాలిని ఫిల్టర్ దగ్గరే కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ బండ్లలో అదే లీకుకి పెట్రోల్ చాలక ఇంజన్ మిస్సింగ్ కొడుతుంది. ఏ బండో చూడకుండా "లీకుంటే స్లో పడిపోతుంది" అని చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి.

బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి పొగని మళ్లీ గాలి దారిలోకి పంపేది) గొట్టం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్, ఇంజెక్టర్ల కింది రబ్బర్లు ఒక్కొక్కటే చూడాలి. బూస్టర్ గొట్టాన్ని నోస్ ప్లయర్‌తో మెత్తగా నొక్కి చూడండి, ఐడిల్ మారితే దొంగ అక్కడే. జాయింట్ల మీద కార్బ్ క్లీనర్ కొట్టి చూడటం షెడ్డుల్లో మామూలే గానీ, వేడి ఎగ్జాస్ట్ పక్కన అది అంటుకుంటుంది. ఇంట్లో చేసేట్టయితే సన్నగా నీళ్లు స్ప్రే చెయ్యండి, ప్లగ్ వైర్ల మీద పడకుండా. లీకున్న చోట నీళ్లు తగిలితే శబ్దం మారుతుంది.

ఈ రెండూ సరిచేసినా ఐడిల్ కుదరకపోతే అప్పుడు మోటార్ దగ్గరికి రండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంజన్ నడుస్తుండగా మోటార్ కప్లర్ (వైర్లు తగిలించే కనెక్టర్) పీకేసి, "చూశారా, ఏమీ మారలేదు, మోటార్ పోయింది" అని తేల్చేస్తుంటారు. ఈ పరీక్ష పాత శాంత్రోల్లో ఉండే మూడు పిన్నుల రోటరీ రకానికి పనికొస్తుంది. దానికి కరెంటు ఆగితే స్ప్రింగో అయస్కాంతమో దాన్ని ఒక స్థిర స్థానానికి తెచ్చేస్తుంది, ఐడిల్ మారుతుంది. స్టెప్పర్ అలా కాదు. కరెంటు తీసేస్తే ఉన్నచోటే ఉండిపోతుంది. నిక్షేపంలాంటి స్టెప్పర్ కప్లర్ పీకినా ఇంజన్ శబ్దం మారకూడదు! మంచి మోటార్లు చెత్తబుట్టలో పడటానికి ఈ పరీక్షే పెద్ద కారణం.

స్టెప్పర్‌కి పరీక్ష ఇలా చెయ్యాలి. ఇంజన్ బాగా వేడెక్కాక, కప్లర్ ఉండగానే ఏసీ, హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి వినండి. ఒక్క క్షణం తగ్గి వెంటనే కోలుకోవాలి. తర్వాత అన్నీ ఆపి, ఐడిల్ నిలబడ్డాక కప్లర్ పీకి, మళ్లీ అన్నీ వేయండి. ఈసారి ఆదుకునేవాడు లేడు కాబట్టి ఇంజన్ బరువుగా పడిపోవాలి. రెండుసార్లకీ తేడా ఉంటే మోటార్ పని చేస్తున్నట్టే. తేడా ఏమీ లేకపోతే మొన కదలడం లేదు, లేదా కదలమన్న మాటే దానికి చేరడం లేదు. మీ మోడల్‌లో ఆర్పీఎం మీటర్ లేకపోతే చెవులతోనే సరిపెట్టుకోవాలి, ఈసీయూలోని అంకెలు చదివే స్కానర్ ఉంటే మంచిదే. పరీక్ష అయ్యాక ఇంజన్ ఆపి కప్లర్ పెట్టి, కీ ఆన్ చేసి ఆఫ్ చేసి పది సెకన్లు వదిలి మళ్లీ స్టార్ట్ చెయ్యండి, లెక్క సరిపోతుంది.

కదలడం లేదని తేలితే, ఒకర్ని కీ ఆన్ ఆఫ్ చెయ్యమని మోటార్ మీద వేలు ఆనించండి. గుర్రుమనే వణుకు తగిలితే కరెంటు వస్తోంది, కాయిల్స్ బతికే ఉన్నాయి. అప్పుడు అనుమానం మసి మీద, లేదా లోపల అరిగిన మర మీద. వణుకు లేకపోతే మీటర్ తీయాలి.

కొలిచే పద్ధతి సులువే. కీ ఆఫ్ చేసి కప్లర్ తీయండి, మీటర్‌ని 200 ఓమ్స్ మీద పెట్టండి. నాలుగు పిన్నులకి ఆరు జతలు కుదురుతాయి. ఏ పిన్ను ఏ కాయిల్‌దో తెలియకపోయినా పర్వాలేదు, ఆరూ కొలవండి. రెండు జతలకే రీడింగ్ రావాలి, అవి రెండూ దాదాపు సమానంగా ఉండాలి. మిగతా నాలుగూ ఓపెన్ ఉండాలి, అంటే రీడింగే రాకూడదు. మోటార్ బాడీకి ఏ పిన్ను నుంచీ కంటిన్యూటీ రాకూడదు. నాలుగు పిన్నుల స్టెప్పర్లలో ఎక్కువగా 50 ఓమ్స్ చుట్టుపక్కల వస్తుంది. కచ్చితమైన అంకె మీ మోటార్ రకాన్ని బట్టి ఉంటుంది గనక సర్వీస్ మాన్యువల్ చూడాలి. ఒక కాయిల్ 50, రెండోది 20 వస్తే మాన్యువల్ అక్కర్లేదు, అది పోయినట్టే. పొద్దున బాగుండి మధ్యాహ్నం ఎండలో మొండికేసే బండి అయితే వేడి మీదే కొలవండి, చల్లగా ఉన్నప్పుడు కొన్ని మంచివాటిలాగే కనిపిస్తాయి.

కాయిల్ షార్ట్ అయిన మోటార్‌ని అలాగే పెట్టి నడిపితే ఈసీయూలో దాన్ని నడిపే భాగం కాలిపోయే ప్రమాదం ఉంది. కొత్త మోటార్ వేసినా కదలని బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. రిపేరైన ఈసీయూకి మళ్లీ ఆ షార్ట్ మోటారే తగిలిస్తే మళ్లీ కాలుతుంది. కాబట్టి ఈసీయూ మాట ఎత్తే ముందు కాయిల్స్, ఆ తర్వాత కప్లర్ నుంచి ఈసీయూ దాకా నాలుగు వైర్లూ కొలవాలి. పల్స్ వస్తోందో లేదో చూడటానికి ఎల్‌ఈడీ టెస్టర్ వాడండి, పెద్ద బల్బు టెస్ట్ ల్యాంప్ వద్దు. మోటార్‌కి నేరుగా బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇచ్చి "తిరుగుతుందేమో చూద్దాం" అనేవాళ్లున్నారు. స్టెప్పర్ అలా తిరగదు, కాయిల్ వేడెక్కి పాడవగలదు.

కాయిల్స్ బాగుంటే విప్పి కడగండి. సాధారణంగా రెండు స్క్రూలు, ఒక ఓ-రింగ్ ఉంటాయి. మొనని చేత్తో లాగడం గానీ నొక్కడం గానీ చేయవద్దు, లోపలి మరలు దెబ్బతింటాయి. క్లీనర్ గుడ్డకో పాత టూత్‌బ్రష్‌కో పట్టించి, మొన కిందకి వంచి పట్టుకుని తుడవండి. పైకి పట్టుకుని స్ప్రే చేస్తే ద్రావణం మోటార్ లోపలికి జారుతుంది. మోటార్ కన్నా ముఖ్యం అది కూర్చునే రంధ్రం, దాని నుంచి బటర్‌ఫ్లై ముందుకూ వెనక్కూ వెళ్లే దారులు. చాలామంది బటర్‌ఫ్లైని అద్దంలా తుడిచి ఈ దారులు వదిలేస్తారు. మీకు మొదట వచ్చిన కంప్లైంట్ కూడా ఈ మసి వల్లేనని నా అనుమానం. మోటార్ బయట ఉండగా కప్లర్ తగిలించి కీ ఆన్ చెయ్యకండి, ఆపడానికి ఎదురుగా ఏమీ లేక మొన ఊడి బయటికి వచ్చేయగలదు.

కడిగిన కొన్నాళ్లకే మళ్లీ నల్లటి జిగట పేరుకుంటే తప్పు మోటార్‌ది కాదు, ఇంజన్ పొగది. స్లోలో ఆయిల్ మూత తీసి చూడండి. పొగ గుప్పుగుప్పున కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు. అలా లేకపోతే పీసీవీ వాల్వ్ ఇరుక్కుందేమో చూడాలి.

స్కానర్ ఉన్నవాళ్లకి ఈ గొడవంతా సగం తగ్గుతుంది. మన దేశంలో కార్లకి ఓబీడీ (బండి తన లోపాలని తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటు) నిబంధన 2010 ఏప్రిల్ నుంచి వచ్చింది, కాబట్టి మీ 2007 బండికి ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్ కలవకపోవచ్చు. పాత మారుతీ సాఫ్ట్‌వేర్ ఉన్న షెడ్డుకి వెళ్లండి. లోపాల కోడ్ కన్నా లైవ్ డేటా, అంటే ఇంజన్ నడుస్తుండగా మారే అంకెలు, చూపించమనండి. పీ0505 అంటే ఐడిల్ కంట్రోల్‌లో ఏదో తేడా, పీ0506 అంటే ఉండాల్సినదానికన్నా తక్కువ, పీ0507 అంటే ఎక్కువ. ఈ మూడింటిలో ఏదీ "మోటార్ మార్చు" అని చెప్పదు. చూడాల్సింది ఐఏసీ స్టెప్స్ అంకె. ఆ అంకె సున్నా దగ్గర ఉండి ఐడిల్ ఎక్కువుంటే, ఈసీయూ మొత్తం మూసినా గాలి వేరే దారిలో వస్తోంది. అంటే లీకు, లేదా మీ స్క్రూ. అంకె బాగా పైన ఉండి ఐడిల్ తక్కువుంటే, ఎంత తెరవమన్నా గాలి రావడం లేదు. అంటే మసి, కదలని మొన, లేదంటే ఇంజన్ మీదే ఏదో బరువు. ఏసీ వేసినప్పుడు అంకె టక్కున మారి, పడిన ఆర్పీఎం మాత్రం కోలుకోకపోతే అప్పుడు మోటార్, వైరింగ్ వైపు చూడాలి. అంకే మారకపోతే ఏసీ వేశారన్న సంగతి ఈసీయూకి తెలియలేదన్నమాట, లేదా పైన చెప్పినట్టు కాలు ఎక్సలేటర్ మీదే ఉందనుకుంటోంది. మోటార్‌ని తిట్టి లాభం లేదు.

అదే స్క్రీన్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత కూడా చూడండి. ఇంజన్ మరుగుతుంటే స్క్రీన్ మీద 30 డిగ్రీలు కనిపిస్తే ఐడిల్ కచ్చితంగా ఎక్కువే ఉంటుంది. ఆ కూలెంట్ సెన్సార్‌ని విడిగా కొలిస్తే 20 డిగ్రీల దగ్గర రెండు మూడు కిలో ఓమ్స్, 80 దగ్గర 300 ఓమ్స్ ప్రాంతంలో రావడం మామూలు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వోల్టేజీ 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. దానికన్నా బాగా పడిపోతుంటే ఆల్టర్నేటర్ బాగు చేయించి మళ్లీ చూడండి. ఈ మధ్య ఏ తేడా వచ్చినా ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ మీదకి నెట్టేయడం అలవాటైంది. రోడ్డు మీద బాగా లాగుతూ స్లోలో మాత్రమే తిప్పలు పెట్టే బండికి ముందు చూడాల్సింది గాలి దారినే.

చివరికి మార్చాల్సిందే అని తేలితే, పాతది చేతిలో పట్టుకుని వెళ్లి కొనండి. మారుతీ చిన్న బండ్లకి టైప్-1, టైప్-4 అంటూ రకరకాలు అమ్ముతారు. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, ఇంకెక్కడైనా కౌంటర్ మీద "ఆల్టో స్టెప్పర్" అని మాత్రమే అడిగితే మీది కానిది చేతికొచ్చే అవకాశం ఎక్కువ. కప్లర్ ఆకారం, పిన్నులు, స్క్రూ రంధ్రాల దూరం, మొన ఆకారం నాలుగూ కలవాలి. షాపులోనే కొత్తదాని కాయిల్స్ కొలిచి పాతదాని మంచి కాయిల్‌తో పోల్చుకోండి, అడిగితే ఎవరూ కాదనరు. మొన పాతదానికన్నా బాగా బయటికి పొడుచుకొచ్చి ఉంటే బలవంతంగా బిగించకండి, స్క్రూలు బిగిస్తుంటే మొన గోడకి తగిలి విరుగుతుంది. ఓ-రింగ్ కొత్తదే వేయండి, దానికి కొంచెం ఇంజన్ ఆయిల్ రాస్తే చాలు, సిలికాన్ పేస్టు పూయనివ్వకండి. పిండి బయటికొచ్చిన పేస్టు ఆ సన్నని దారిలోనే పడుతుంది.

బిగించాక బ్యాటరీ నెగటివ్ కొద్దిసేపు తీసి పెట్టి, కీ ఆన్ ఆఫ్ చేసి, ఏసీ లేకుండా రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగేదాకా స్లోలో వదిలేయండి. తర్వాత ఏసీతో కాసేపు. మొదటి రోజు ఐడిల్ కాస్త అటూ ఇటూగా ఉంటే కంగారుపడి మళ్లీ ఆ స్క్రూ దగ్గరికి వెళ్లొద్దు.

బండికి గ్యాస్ కిట్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే పెట్రోల్ మీద, గ్యాస్ మీద విడివిడిగా ఐడిల్ ఎలా ఉందో చూసి చెప్పండి. రెండిటి మీదా ఒకేలా ఊగితే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. పెట్రోల్ మీద మాత్రమే ఊగితే ఇంజెక్టర్లు, పెట్రోల్ ప్రెషర్ వైపు వెళ్లాలి. గ్యాస్ మీద మాత్రమే అయితే రెడ్యూసర్ (గ్యాస్ ప్రెషర్ తగ్గించేది) సెట్టింగ్ చూపించండి, త్రాటిల్ బాడీ జోలికి వెళ్లనక్కర్లేదు.